వంకరగా బిగిసిన పిడి

మధ్యాహ్నం వేళ ఆటల హాలులోని వెలుతురు నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంటుంది. కిటికీలకు పూసిన నీలం రంగు గుండా దిగిన ఎండ నేల మీద మెల్లగా పరుచుకుంటుంది. వరుసగా నిలబడిన వీడియో ఆటల యంత్రాలు తమలో తాము గొణుక్కుంటూ ఉంటాయి. ముప్పై ఏళ్లుగా వాటి మంచీచెడూ చూసే మెకానిక్‌ను అందరూ పానా అక్క అంటారు. ఆమె ఏ ఆటా ఆడి ఎరుగదు. అయినా మూలనున్న ఎర్రకారు ఆట ఆమె కలల్లోకి వచ్చేది: ఒకదానిలోంచి ఒకటి తెరుచుకునే సందులు, జెండాలు ఏరుకుంటూ పోయే ఎర్ర కారు, తరుముకొచ్చే నీలం కార్లు, వాటి కళ్లు కప్పడానికి వెనక వదిలే పొగ. కలలో కారు నడిపేది ఎప్పుడూ ఆమె తమ్ముడే.

ఆ రోజు ఆ యంత్రానికి కొత్త చెక్క వేయాలని పాతది విప్పింది. కారును తిప్పే పిడి ఒక ఇనుప రేకుకు ఉంటుంది. ఆ రేకును చెక్కకు బిగించే నాలుగు రంధ్రాలు ఒకప్పుడు ఆమె వేసినవే. మూలమట్టం ఆనించి చూసింది. రేకు ఎడమకు తిరిగి ఉంది. మూలమట్టాన్నే అనుమానించి, తిరగేసి మళ్లీ చూసింది. వంకర పోలేదు.

ఈ యంత్రం మీద కారు నేరుగా పైకి పోవాలంటే చేతిని కాస్త ఎడమకు వంచి నెట్టాలి. ఆ వంపుకు అలవాటుపడ్డ చెయ్యి సవ్యమైన యంత్రాన్ని పట్టుకుంటే, కారు మొదటి సందులోనే ఎడమకు తిరిగిపోతుంది.

తమ్ముడికి పద్దెనిమిదేళ్లప్పుడు అదే జరిగింది. ఈ హాలులో వాడికి ఎదురు లేదు. వేరే ఊళ్లో పోటీకి వెళ్లి, ఒక్కో ఆటకు ఇచ్చే మూడు కార్లనూ మూడు నిమిషాల్లో పోగొట్టుకుని వచ్చాడు. "నా చెయ్యే వంకరక్కా" అన్నాడు. బస్సు డ్రైవరు కావాలని కలలు కన్నవాడు లైసెన్సు పరీక్షకే వెళ్లలేదు. కండక్టరై, ఇరవై ఆరేళ్లుగా స్టీరింగుకు రెండడుగుల దూరంలో టికెట్లు కొడుతున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే, ఓటమికి పిడి ఒక్కటే కారణమని తేల్చలేము. చోటు కొత్తది కావచ్చు, ఎదుటివాళ్లు గట్టివాళ్లు కావచ్చు. పానా అక్క అవన్నీ తనకు తాను చెప్పుకుని చూసింది. మనసు ఒప్పుకోలేదు. పాత చెక్కనే మళ్లీ బిగించి, డ్యూటీ దిగిన తమ్ముణ్ణి పిలిపించింది.

"ఏంటక్కా, యూనిఫాం కూడా విప్పనివ్వవా? మిషన్‌కి జ్వరమొచ్చిందా?"

"వాగకు. ఒక్క ఆట ఆడు."

"నా చేత్తోనా? పాపం, అదేం తప్పు చేసిందని?"

అయినా నిలబడ్డాడు. ఎర్ర కారు నిద్రలో నడుస్తున్నట్టు సందులన్నీ దాటింది. ఒక జెండా, రెండు, ఏడు. అతని కళ్లు సగం మూతపడ్డాయి; పద్దెనిమిదేళ్ల మొహం ఎక్కడినుంచో తిరిగొచ్చింది. ఆమె తెర వైపు చూడలేదు, అతని మణికట్టునే చూసింది. అది ఎడమకు వంగి ఉంది.

"ఒరేయ్, నీ చెయ్యి వంకర కాదు. పిడి వంకర. బిగించింది నేను."

నీలం కారు ఎర్ర కారును పట్టేసింది.

"ఎప్పుడు?"

"నువ్వు పోటీకెళ్లే ముందు ఏడాది. నాకూ ఇవాళే తెలిసింది."

"ఇన్నేళ్లయ్యాక చెప్పకపోతే ఏం? ఎవడడిగాడు?"

"దాచిపెట్టి నీ మొహం ఎలా చూడను?"

అతను తన అరచేతిని తిరగేసి, పారేసుకున్న వస్తువు దొరికినట్టు చూసుకున్నాడు. "ఇరవై ఆరేళ్లక్కా" అన్నాడు.

"సరే, తిన్నగా బిగించు" అన్నాడు చివరికి.

ఆమె రెండుసార్లు కొలిచి, కొత్త చెక్కకు రంధ్రాలు వేసి పిడిని బిగించింది. అతను మళ్లీ ఆట మొదలుపెట్టాడు. మొదటి కారు ఎడమ సందులోకి తిరిగి చిక్కిపోయింది. రెండోదీ అంతే.

"చూశావా, ఇప్పుడు నా చెయ్యి నిజంగానే వంకరైంది" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

ఇక ఒక్క కారే మిగిలింది. ఆమె అతని మణికట్టు మీద చెయ్యి వేసి, రవ్వంత కుడికి జరిపింది. కారు మొదటి సందు దాటింది. రెండోదీ దాటింది.

"చెయ్యి తియ్యక్కా. నేను నడుపుతా."

ఆమె తీసేసింది. కారు నేరుగానే పోతోంది.