వంతెన మీద ఆగిన బండి

దోహాలో శుక్రవారం చర్చిలో ఆరాధన ముగిశాక నేను యూనివర్సిటీకి వెళ్ళేవాణ్ణి. నేను పనిచేసే ల్యాబ్ పక్క గదిలో మా బొమ్మ రైళ్ళ క్లబ్బు ఉండేది. గడ్డం బల్లకు ఆనించి, కళ్ళు పట్టాల ఎత్తుకు తెచ్చుకుంటే గది గోడలు కరిగిపోయేవి. ఆరాధనలో పాడిన పాట చెవుల్లో ఉండగానే చిన్న రైలు ఇసుక దిబ్బల్లోంచి కదిలేది.

క్లబ్బులో ఎవరి చెక్క మీద వాళ్ళు తమ ఊరు కట్టుకోవచ్చు. అంచుల దగ్గర మాత్రం అందరి పట్టాలూ ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడు ఏ ఊరైనా ఏ ఊరికైనా అతుకుతుంది. మా చర్చి సంఘం కూడా ఇలాంటిదే కదా అనిపించేది. ఒమానీ విద్యార్థి కొండలు దాటితే ఫిలిప్పీన్స్ ఆవిడ వరిచేలు, ఆ పక్కన నా గోదావరి వంతెన. కింద నీళ్ళు గాజులాంటి జిగురుతో పొరలు పొరలుగా పోసినవి.

గదులు కేటాయించే అధికారిణి చూడటానికి వస్తానంది. బండి ఆగకుండా చుట్టు తిరిగితే గది మాకే. లేకపోతే వేరే విభాగానికి ఇచ్చేస్తారు.

ఆ రోజు నా చెక్కను పికప్‌లో తెచ్చిపెట్టింది నగరం అంచున ముఐథర్‌లో ఉండే డ్రైవర్, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడు. తెలంగాణలో గోదారి ఒడ్డు ధర్మపురి దిక్కువాడు.

"గిది గోదారే గదన్నా!" అంటూ నిలబడిపోయాడు.

అధికారిణి వచ్చింది. రైలు కొండలు దాటింది, చేలు దాటింది, వంతెన ఎక్కింది. టింగుమని చప్పుడు. దీపాలన్నీ ఆరిపోయి రైలు నది మధ్యలో నిలిచింది. రెండు పట్టాలనూ కలుపుతూ, కరెంటు తెగేలా అడ్డంగా యాభై దిర్హమ్‌ల బిళ్ళ, అర రియాల్!

"ఏం పనయ్యా ఇది!" అన్నాను తమ్ముడితో.

"చెయ్యి ఆగలేదన్నా. గోదారి మీదికెల్లి బండి పోతాంటే ఒట్టి చేతులతోటి ఎట్ల నిలవడాలె?"

చిన్నప్పుడు రాజమండ్రి వంతెన మీద రైలు పెట్టెలో అందరూ బిళ్ళలు విసురుతుంటే అమ్మ నా గుప్పిట మూసేది. "మనం నదికి కాదు నాన్నా, నదిని చేసినవాడికి స్తోత్రం చెప్పుకోవాలి." గుప్పిట్లో బిళ్ళ వెచ్చగా ఉండేది. కింద నీళ్ళు ఎంతకీ అయ్యేవి కావు.

"ఎందుకు ఆగింది?" అధికారిణి ఇంగ్లీషులో అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వంగి, వంతెన మీద నిలిచిన రైలు కిటికీల్లోకి చాలాసేపు చూసింది.

"అయితే ఈసారి నీళ్ళలో వేయమనండి. యల్లా, కానివ్వండి!"

తమ్ముడు బిళ్ళ తీసి, కళ్ళు మూసుకుని, మెల్లగా నది మీద పెట్టాడు. నేను మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. దీపాలు వెలిగాయి, రైలు కదిలింది, ఆగకుండా చుట్టు తిరిగి వచ్చింది.

గది మాకే మిగిలింది. ఆ బిళ్ళను తీసేద్దామని ఒకటి రెండుసార్లు చెయ్యి చాపాను. బైబిల్లో యొర్దాను నది దాటినవాళ్ళు, ఆ దాటడానికి గురుతుగా నది నడుమ నుంచి రాళ్ళు ఏరి తెచ్చుకున్నది గుర్తొచ్చింది. బిళ్ళను అక్కడే ఉంచి, దాని మీద ఇంకో పొర జిగురు నీళ్ళు పోశాను.