తుండుగుడ్డ వేసిన పేరు

ఖాళీగా కనిపించిన పేరల్లా నాదే అనుకోవడం నా తెలివితక్కువతనం. నిరుడు సార్వా కోతలప్పుడు, పొన్నూరు దగ్గర ఒక రైసుమిల్లులో, అది నలుగురి ముందూ బయటపడింది.

తెనాలిలో మాదొక చిన్న దుకాణం. మిల్లుల వేబ్రిడ్జిలకు, అంటే బండిని సరుకుతో సహా తూచే కాటాలకు, సి భాషలో ప్రోగ్రాములు రాస్తాం. తూచిన బండి దిగిపోయి కాటా ఖాళీ అయిందో లేదో చూసే ముక్కకు నేను ‘ఇజ్‌బ్లాంక్’ అని పేరు పెట్టాను. నాతో పనిచేసే శాంతి అప్పుడే వద్దంది. ‘ఇజ్’ తర్వాత చిన్న ఇంగ్లిషు అక్షరం వచ్చే పేర్లను సి ప్రమాణం, అంటే ఆ భాషకు నియమాలు చెప్పే పుస్తకం, తనకోసం అట్టేపెట్టుకుందట. ఇవాళ వాడకపోయినా రేపు వాడుకుంటుందట.

“ఖాళీగానే ఉందిగా అమ్మా,” అన్నాను.

“కిటికీలోంచి తుండుగుడ్డ వేసిన సీటు కూడా ఖాళీగానే ఉంటుందండి.”

రేపల్లె బస్సులో అలాంటి గుడ్డ పక్కకు తోసి కూర్చుని తిట్లు తిన్నవాణ్ని. అయినా వినలేదు. మన రాతను యంత్రం భాషలోకి మార్చే పాత కంపైలర్ కూడా ఏళ్ల తరబడి కిమ్మనలేదు. కోతల ముందు కొత్తది పెట్టాను. దుకాణంలో ఒకే ఒక్క తూకం వేసి చూసి, బాగుందనుకుని మిల్లులో ఎక్కించాను.

మొదటి ట్రాక్టరు తూగింది, దిగింది. కాటా మీద ఈగ కూడా లేదు. తెర మీద సున్నా. అయినా మిషను ‘బండి దించండి’ అనే అంటోంది. కరెంటు పోయినా పాత తూకం మరవకూడదని నేనే రాశాను కాబట్టి ఆపి వెలిగించినా అదే మాట.

తర్వాతి ట్రాక్టరు చెరుకుపల్లి రైతు యేసురత్నం గారిది. ట్రక్కు నిండా ధాన్యం, సగానికే కప్పిన పట్టా. తూకం కానిదే షెడ్డులోకి రానివ్వరు. తడిస్తే మిల్లు తీసుకోదు. బాపట్ల వైపు ఆకాశం నల్లబడింది.

“లేని బండిని ఎట్టా దించమంటావు బాబూ? అక్కడ మబ్బు దిగుతోంది,” అన్నారాయన.

వైర్లు పీకి పెట్టాను. కాటా చుట్టూ తిరిగాను. నేను తిరిగినప్పుడల్లా మిల్లు యజమాని ‘అయిందా అండి’ అంటున్నారు. వెనక హారన్లు. చివరికి సిగ్గు విడిచి శాంతికి ఫోన్ చేశాను.

“కొత్త కంపైలర్ ఎక్కించారా?”

“ఎక్కించాను.”

“అయితే సీటు వాళ్లొచ్చారండి.”

నిజమే. కొత్తదానితో వచ్చిన సామానులో అసలు ఇజ్‌బ్లాంక్ ఉంది. అది చూసేది ఒక అక్షరం ఖాళీ జాగానా కాదా అని. నా కాటాను అడగాల్సిన మాట దాన్ని అడుగుతోంది ప్రోగ్రాము. బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టి పేరు మార్చి మళ్లీ ఎక్కించాను. ‘రావచ్చు’ అంది మిషను. యేసురత్నం గారి ట్రాక్టరు తూగి షెడ్డులో దూరేసరికి చినుకులు నా ల్యాప్‌టాప్ మీదే పడ్డాయి.

“ఇంతసేపూ పేరు మార్చడానికా?” అన్నారు మిల్లు యజమాని.

“అవునండి. పేరుకే పని.”

ఖాళీ అంటే ఎవరూ లేరని కాదు, ఇంకా ఎక్కలేదని కూడా కావచ్చు. ఇప్పుడు ఏ పేరు పెట్టాలన్నా ముందు ప్రమాణం తెరిచి చూస్తున్నాను. కానీ ఆ రోజు పెట్టిన పేరు మాత్రం మార్చలేదు: ‘బండి_దిగిందా’. దాని మీద తుండుగుడ్డ నాది. ప్రమాణం రాసే పెద్దలకు ఎప్పుడైనా ఆ పేరు కావలసివస్తే తెనాలి వచ్చి అడగాలి. అడిగినా జరగను.