ఏడొందలు తగ్గించి తెచ్చిన గ్రాఫిక్స్ కార్డు

నడుస్తున్న నెట్ సెంటర్ మునగాలంటే మామూలుగా కొన్నేళ్లు పడుతుంది. నేను ఒక్క మధ్యాహ్నంలో ముంచాను. అదీ బేరమాడి మరీ.

మాది గుడివాడలో స్టీలు సామాన్ల కొట్టు. నాన్నగారు ఏ బిందెనైనా తెగ పొగుడుతున్నారంటే అది రెండేళ్లుగా కదలని బిందె అని నాకు నిక్కర్లు వేసుకునే వయసులోనే తెలుసు. ఆ తెలివే నా కొంప తీసింది. నా కొంపయినా బాగుండేది, తీసింది మా బావది.

మా అక్క భర్త రాంబాబు బావ బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపేవాడు. గుడ్లవల్లేరు కాలేజీ కుర్రాళ్లు వచ్చి గేములాడేవారు. ఎదురుగా ఇంకో సెంటర్ పెట్టగానే అందరూ రోడ్డు దాటేశారు.

"ఒక్క మెషీన్లోనైనా మంచి కార్డు వేద్దాంరా. బొమ్మ తడబడకపోతే సగం మందన్నా వెనక్కొస్తారు. ఇదీ కుదరకపోతే మూసెయ్యడమే" అని బావ డబ్బు నా చేతిలో పెట్టాడు. నా బేరం మీద అంత నమ్మకం, పాపం.

బందరులో షాపాయన రెండు కార్డులు బల్ల మీద పెట్టాడు. నేను పత్రికలు చూసి గీసుకెళ్లిన పట్టిక తీశాను. కొత్త రకానికి ఏ గేములోనైనా వేగం ఎక్కువ, ధర తక్కువ. పాత రకానికి వేగం తక్కువ, ధర ఎక్కువ. ఆయన చెయ్యి మాత్రం పాతదాని మీదే ఉంది.

"మెషీన్ కొని ఎన్నాళ్లయిందండీ?"

"మూడేళ్లు."

"అయితే ఇదే తీసుకోండి. కొత్తది మీ బోర్డులో కూర్చోదు. కార్డు గుచ్చే స్లాటే వేరు."

"మరి వేగం తక్కువదానికి ధర ఎక్కువేంటండీ?"

"పాత స్లాటుకి కార్డులు రావట్లేదండి. దొరకని సరుకు."

నాలో నేను నవ్వుకున్నాను. ఇది కదలని బిందె. నాన్నగారు కూడా అచ్చం ఇంత దిగులు ముఖంతోనే చెప్తారు.

"కొత్తదే ఇవ్వండి. ఓ ఐదొందలు తగ్గించి."

"వద్దండీ. రేపు వాపసు తెస్తారు."

"తేను. కావాలంటే రాసిస్తాను. రాసిచ్చినందుకు ఇంకో రెండొందలు తీసెయ్యండి."

ఆయన నన్ను, నూతిగట్టు మీద నడుస్తున్నవాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత బిల్లు నా వైపు తిప్పాడు. 'వాపసు అడగను' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను.

బావ మెషీన్ విప్పాడు. కార్డు అడుగు ఒక కొలత, బోర్డు మీది గాడి ఇంకో కొలత. అటు తిప్పాం, ఇటు తిప్పాం. పక్కింటాయన కళ్లజోడు మనం పెట్టుకుని పేపరు చదవబోయినట్టుంది మా అవస్థ.

"కొంచెం నొక్కనా బావా?"

"ఉన్న బోర్డన్నా ఉండనివ్వరా."

మర్నాడు మళ్లీ బందరు వెళ్లాను. షాపాయన కోప్పడలేదు. బిల్లు తీసి చూపించాడు.

"ఈ దస్తూరీ ఎవరిదండీ?"

"నాదే."

"బాగుందండీ" అన్నాడు.

నెల తిరక్కుండా బావ సెంటర్ మూసేశాడు. కార్డుని ఎదురు సెంటరాయన సగం ధరకి కొన్నాడు. వాళ్లవి కొత్త బోర్డులు. బేరంలో నన్ను మించినవాణ్ణి చూడటం అదే మొదలు.

సెంటర్ నేమ్ బోర్డు దించుతూ, నిచ్చెన పైనుంచి బావ అడిగాడు.

"ఎంత తగ్గించావురా?"

"ఏడొందలు, బావా."

"మంచి బేరమే. నిచ్చెన గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. ఆ నిచ్చెన మీద చెయ్యి ఉండగానే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ కొట్టువాడైనా 'ఇది మీకు పనికిరాదండీ' అంటే చచ్చినట్టు నమ్ముతాను. మా నాన్నగారైతే తప్ప.