మూడూ పదికి చేసిన ఫోను

మంగళవారం పగలు పదకొండూ నలభైకి వంతెన దగ్గర ట్రాలీ దిగాను. వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ, వాగు మీది రైలు వంతెన అది. ఆరు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. కట్ట మీద ఒక గుడారం, అందులో హవల్దార్, ఆరుగురు సిపాయిలు. నా సామాను ఒక ఫీల్డ్ టెలిఫోను, రెండు బ్యాటరీలు, తీగ చుట్ట, పెన్సిలు, కాగితాలు, దిగేసరికే తడిసిపోయిన కంబళి.

యాభైల మొదట్లో సంగతి ఇది. యుద్ధం కాదు. గాలివానకు రైల్వే తంతి స్తంభాలు పడిపోతే ఫౌజును సాయం పిలిచారు. వికారాబాద్ దాకా మాట మోసేది మేం వేసిన తీగ ఒక్కటే. గంటకోసారి నీటిమట్టం చెప్పాలి. వంతెన ఎలా ఉందో చెప్పాలి. ఇంగ్లీషులోనే చెప్పాలి. మొదటి రెండు ఆజ్ఞలకూ నేను భయపడలేదు.

మాది మర్పల్లి. చదివింది ఉర్దూలో. ఇంగ్లీషు నేర్పిన ముసలి పంతులుగారికి వచ్చినదల్లా అర్జీల ఇంగ్లీషు. ముందు దండం, తరువాత క్షేమ సమాచారం, చిట్టచివర అసలు సంగతి. మా ఇళ్లలో ఉత్తరాలూ అంతే. మా తాత పోయినప్పుడు ట్రైనింగులో ఉన్న నాకు ఒక కార్డు వచ్చింది. వానలు బాగున్నాయి, బర్రె ఈనింది, అందరం క్షేమం. ఆఖరి వరసలో ‘తాతకు జర సుస్తుగ ఉన్నది, వీలైతే రాగలవు’. నేను ఇల్లు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. చెడ్డ మాటను మావాళ్లు ముందుగా నోట పెట్టరు.

అవతలి కొసన వికారాబాద్‌లో కెప్టెన్. బెంగాలీ మనిషి. ఆయనకూ ఇంగ్లీషు అమ్మ నేర్పిన భాష కాదు, కానీ ఆయన మాటలు మేకు దిగ్గొట్టినట్టు పడేవి. మొదటి రిపోర్టును అరగంట కూర్చుని కాగితం మీద రాసుకుని, నిలబడి చదివాను. అంతా విని ఆయన, “సో వాట్ ఈజ్ ద వాటర్ లెవెల్?” అన్నాడు. అది చెప్పడమే మరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. మర్యాద చాలలేదేమోనని తరువాతి రిపోర్టులో ఇంకో వాక్యం చేర్చాను. అంత తెలివి నాది.

పట్టాలు చూసే గ్యాంగ్ మేస్త్రీ గుడారం బయట నిలబడి ఇదంతా విన్నాడు. యాలాల్ మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. నెత్తి మీద గోనెసంచి కొప్పెర.

“ఏంది సిపాయి సారూ, ఫోన్ల పెండ్లిపత్రిక సదువుతున్నవా?”

“నీకేం తెలుసన్నా, దొరలతో గట్లనే మాట్లాడాలె.”

“గట్లనా? పాము కనబడితే మేమైతే ‘పాము’ అని ఒర్లుతం. పామా, నీకు దండం అనం.”

నవ్వాను. బుధవారం మధ్యాహ్నం మూడూ ఐదుకు అతనే వంతెన కింది నుంచి పాకుతూ పైకొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

“మూడో కంబం కింద మట్టి గుంజుకపోయింది. చెయ్యి పెడితే కదులుతున్నది. బండి ఎక్కిందంటే మొత్తం వాగుల్నే.”

వికారాబాద్‌లో బండి సిద్ధంగా ఉందని మాకు తెలుసు. తాండూరులో చిక్కుకున్నవాళ్లకు బియ్యం, ఆ వెనక రెండు డబ్బాల నిండా ఇళ్లకు చేరాలని కాచుకున్న జనం. హవల్దార్ మరాఠీవాడు. “ఫోన్ లగావో. గాడీ రోకో” అన్నాడు, అంతే. నాలుగు మాటలు. నేనూ అంతే చెప్పి ఉంటే బాగుండేది.

మూడూ పదికి ఫోను మర తిప్పాను. అవతల కెప్టెన్ గొంతు. భయం వేసినప్పుడు మనిషి నేర్చుకున్నదాన్నే పట్టుకుంటాడు.

“గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్. ఆల్ మెన్ ఆర్ వెల్ సర్. విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు...”

తీగలో గరగర మొదలైంది.

“ఆల్ వెల్. గుడ్. ట్రెయిన్ లీవ్స్ త్రీ ఫార్టీ.”

ఆపైన చప్పుడు లేదు. మర తిప్పాను. మళ్లీ తిప్పాను. కొండంత రాగం తీశాను, పాట మొదలుకాకముందే తీగ తెగింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. హవల్దార్ నన్ను తిట్టలేదు. అతనికి ఇంగ్లీషు రాదు, నేనేం చెప్పానో తెలియదు. మేస్త్రీ మాత్రం నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. ఎర్రజెండా తీసుకున్నాడు. నేను ఫోను భుజాన వేసుకున్నాను. ఇద్దరం వికారాబాద్ వైపు కట్ట మీద పరుగెత్తాం. నాలుగు వందల గజాల దూరాన ఈతచెట్టు కూలి తీగను తెంపింది. నేను ఆగాను.

“నువ్వు వైరు జూడు. నేను బండికి ఎదురువోత.”

“ముందల మోరి మీదికెల్లి నీళ్లు పోతున్నయన్నా.”

“పోతే పోనీ. గా జనం పోవద్దు గద.”

వానలో పది అడుగులకే అతను కనబడకుండా పోయాడు.

మొలలోతు నీళ్లలో తీగ రెండో కొస వెతికాను. పళ్లతో తీగ మీది తోలు ఒలిచాను. వేళ్లు స్వాధీనంలో లేవు, ముడి రెండుసార్లు జారింది. ముడి బిగిసి ఫోను తగిలించేసరికి మూడూ ముప్పై ఆరు.

“డోంట్ సెండ్ ట్రెయిన్. బ్రిడ్జ్ నాట్ సేఫ్. సే బ్యాక్ సర్.”

సిపాయి కెప్టెన్‌ను తిరిగి చెప్పమని అడగడం. ఎక్కడా లేని సంగతి. ఆయన చెప్పాడు.

“డోంట్ సెండ్ ట్రెయిన్. బ్రిడ్జ్ నాట్ సేఫ్. వెయిట్.”

మూడూ నలభై ఒకటికి మళ్లీ మోగింది. “ట్రెయిన్ స్టాప్డ్.”

బండి స్టేషన్ నుంచి కదలనే లేదు. రాని బండికి ఎదురుగా మేస్త్రీ వెళ్లాడు. కట్ట కింద నీళ్లు పారే ఆ మోరి దాకా పరుగెత్తి అరిచాను. మోరి లేదు. పట్టాలూ, వాటి వెంట మా తీగా గాల్లో వేలాడుతున్నాయి, కింద ఎర్రటి నీళ్లు. గురువారం పొద్దున ఆరూ యాభైకి తుమ్మపొదల్లో దొరికాడు. జెండా కర్ర చేతిలోనే ఉంది.

తెలుగు వచ్చినవాడివి నువ్వే, ఇంటికి కబురు నువ్వే చెప్పాలన్నాడు హవల్దార్. కదిలే వంతెన మీద స్లీపరు స్లీపరుగా ఒక్కణ్నే దాటాను. చెప్పాల్సిన మాట ముందు ఆ భయం భయమే కాదు. దారి పొడుగునా ఒక్కటే అనుకున్నాను. ముందు సంగతి చెప్పాలి. చిన్న మాటల్లో చెప్పాలి. ఇంకెప్పుడూ రాగం తీయకూడదు.

పదకొండూ ఇరవైకి యాలాల్. అతని భార్య గడపలో కూచుని చాటలో కందిపప్పు ఏరుతోంది. నా యూనిఫారం చూసి నవ్వింది.

“రా కొడుకా. మా ఆయనతోని ఉంటవా? అందరు మంచిగున్నరా?”

“అన్న చచ్చిపోయిండు వదినె. నిన్న. నీళ్లల్ల.”

ఆమె ఏడవలేదు. నా నోటివైపే చూసింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. ఒక్కో రాయినీ ఏరి పక్కన పెడుతూనే ఉంది.

“అందరు మంచిగున్నరా?” అని మళ్లీ అడిగింది, అదే గొంతుతో.

మావాళ్లు ఉత్తరాల్లో ముందు వానల గురించి ఎందుకు రాస్తారో అప్పుడు తెలిసింది. ఆమె పక్కన నేల మీద కూలబడ్డాను.

“మంచిగున్నరు వదినె,” అన్నాను. “వాన తగ్గింది.”

ఆ డ్యూటీ పదకొండు రోజులు. తరువాత పన్నెండేళ్లు ఫౌజులో ఫోనే నా పని. నా ఇంగ్లీషుకు మంచి పేరొచ్చింది. మొన్ననే పింఛనుతో తిరిగొచ్చి తాండూరులో ఉంటున్నాను. ఆఫీసు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇంగ్లీషు ఎలా మాట్లాడాలని అడుగుతారు. ముందు సంగతి చెప్పు, చెప్పింది వాళ్ల నోట తిరిగి చెప్పించు అంటాను. అంతకుమించి చెప్పను. ఇంట్లో ఎవరైనా చాట ముందేసుకుని కూచుంటే లేచి బయటికి వెళ్లిపోతాను. ఆ చెయ్యి ఇంకా రాళ్లు ఏరుతూనే ఉంది.