గెడ్డ దాటి వచ్చిన డాక్టర్ బాబు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికైనా ఒళ్లు బాగాలేకపోతే ఇంట్లోవాళ్లు ముందు ఆకాశం వైపు చూసేవారు. చోడవరం నుంచి రావికమతం వైపు వెళ్లే రోడ్డు దిగి, చెరకు తోటల మధ్యగా నడిస్తే ఒక గెడ్డ, అంటే కొండవాగు, అడ్డం వస్తుంది. దానికి ఆవలి ఒడ్డున మా ఊరు. ఎండాకాలంలో ఆ గెడ్డలో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. కొండల మీద వాన పడితే మాత్రం చూస్తుండగానే ఎర్రటి నీరు ఒడ్లు ఒరుసుకుంటూ వచ్చేస్తుంది. ఆ వరద తీసేదాకా మా ఊరికి లోకంతో సంబంధం ఉండేది కాదు.

చోడవరం బజారులో ఒక డాక్టరు ఉండేవారు. అందరూ డాక్టర్ బాబు అనేవారు. మా తాతయ్యకు ఆయన ప్రాణస్నేహితుడు. తాతయ్య వయసులో పెద్ద, చదువులో సున్నా. చెరకు తప్ప వేరే లోకం తెలియని రైతు. ఆ ఇద్దరికీ ఎలా కుదిరిందో నాకు తెలియదు. ఆదివారం వచ్చిందంటే ఆయన సైకిలు మీద వచ్చేవారు. గెడ్డ దగ్గర సైకిలు భుజాన వేసుకుని దాటి, మా అరుగు మీద కూర్చుని ఊరందరినీ చూసేవారు. పిల్లల గుండె మీద స్టెతస్కోపు పెట్టేముందు ఆ బిళ్లను అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టేవారు, చల్లగా తగిలి ఉలిక్కిపడకుండా. అందుకే మా ఊరి పిల్లలెవరికీ ఆయనంటే భయం ఉండేది కాదు.

ఒక వానాకాలం ఊళ్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కబురు వెళ్లింది గానీ, ఆయన వచ్చేలోపే గెడ్డ పొంగింది. ఆ ఒడ్డున మందుల సంచీ నెత్తిన పెట్టుకుని ఆయన, ఈ ఒడ్డున తాతయ్య, తాతయ్య పంచె పట్టుకుని నేను. నీళ్లు కాచి, చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి పట్టమని ఆయన అరుస్తున్నారట. నీటి హోరులో మాకు ఒక్క ముక్క వినపడలేదు. చేతులతో ఏవో సైగలు చేశారు. అవీ అర్థం కాలేదు. నీరు తీసి ఆయన ఊళ్లోకి వచ్చేసరికి కొన్ని ఇళ్లలో పసిపిల్లలు లేరు. ఆ రోజు ఆయన ఎవరినీ పలకరించకుండా మా అరుగు మీద కూలబడ్డారు.

“మందు నా చేతిలో ఉందన్నా. దారి నా చేతిలో లేదు,” అన్నారు తాతయ్యతో.

“దారి సేతిలోకి రావాలంటే కుర్సీలో కూకోవాలి బాబూ,” అన్నాడు తాతయ్య. “కూకోండి. మేం మోస్తాం.”

అలా మొదలైంది ఆయన రాజకీయం. ఎన్నికల్లో నిలబడ్డారు. ఆయనకు ఉపన్యాసం రాదు. మైకు ముందు కూడా పూటకెన్ని మాత్రలు వేసుకోవాలో చెప్పే గొంతుతోనే మాట్లాడేవారు. చెప్పింది ఒకటే, గెడ్డ మీద వంతెన కట్టిస్తానని. మిగతాదంతా తాతయ్యే చెప్పాడు. చెరకు నరికే రోజులు కూడా వదిలేసి ఊరూరా తిరిగాడు. ఏ గడప తొక్కినా, ఈయన చేత్తో మందు తాగని ఇల్లుందా అని అడిగేవాడు. డాక్టర్ బాబు గెలిచారు. గెలిచిన రోజు తాతయ్య కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను మొదటిసారి చూశాను. చోడవరం బజారులో ఆయన వైద్యశాల తలుపులకు తాళం పడింది. ఆయన హైదరాబాదు వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు, ఎండాకాలంలో, లారీలు గెడ్డ దాటి వచ్చి మా ఒడ్డున కంకర దింపాయి. మేం పిల్లలం ఆ గుట్ట మీద ఎక్కి జారేవాళ్లం. ఏడాది తిరిగేసరికి కంకర సందుల్లోంచి గడ్డి మొలిచింది. వంతెన ఎక్కడ కట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. మా ఊరి రేవులో కట్టాలని మావాళ్లు. ఇంకా దిగువన, తన చెరకు బళ్లు పోయే చోట కట్టాలని ఆయన పార్టీలోనే ఒక పెద్దమనిషి. డాక్టర్ బాబు ఊరికి వచ్చినప్పుడల్లా మాకూ సరేననేవారు, అక్కడికి వెళ్లి ఆ పెద్దమనిషికీ సరేననేవారు. రోగి ముందు కాదనే మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఆ అలవాటే అక్కడ ఆయన కాళ్లకు అడ్డం పడిందని ఇప్పుడు అర్థమవుతోంది. ఊళ్లో ఎవరైనా గొణిగితే తాతయ్య ఊరుకునేవాడు కాదు. “రోగం కుదరడానికే టైం పడద్ది. వంతెనకి పట్టదేటి?” అని గదిమేవాడు.

మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నాకు జడ వేసేదీ, పాటలు నేర్పేదీ, నేను చేసిన అల్లరి అమ్మకు తెలియకుండా దాచేదీ ఆవిడే. ఆ మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. కొండల మీద అప్పటికే నల్లగా కమ్మేసింది. మంత్రసాని చాలాసేపు చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, చోడవరం తీసుకుపోవాలనీ చెప్పింది. మంచం మీద పడుకోబెట్టి నలుగురూ మోసుకుపోయారు. వాళ్ల వెనకే మేమూ ఒడ్డుకు చేరేసరికి గెడ్డ నిండుగా ఉంది. వానలో గొడుగులు పట్టి, ఆ కంకర గుట్ట పక్కనే మంచం దించారు. ఎలా చేసిందో మంత్రసాని బిడ్డను బయటికి తీసింది. ఆడపిల్ల. అత్త నెత్తురు మాత్రం ఆగలేదు. నాన్నమ్మ నన్ను దూరంగా తోసేసింది గానీ, మంచం కింద నీళ్లు ఎర్రబడడం నేను చూశాను. కాసేపటికి అత్త మూలుగు ఆగింది. తాతయ్య మాత్రం ఎవరో వస్తారన్నట్టు ఆ ఒడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

నీరు తీశాక డాక్టర్ బాబు వచ్చారు. జీపునూ జనాన్నీ ఆ ఒడ్డునే వదిలేసి, ఒక్క అనుచరుడు మాత్రం వెంట రాగా, బురదలో నడిచి వచ్చారు. తాతయ్య లేవలేదు, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లెవరూ కుర్చీ వెయ్యలేదు. నాన్నమ్మే ముందుకు వచ్చింది.

“మీకు ఓటెయ్యమని కాళ్లరిగేలా తిరిగింది ఈ ముసలాయనే గదా బాబూ. నా కూతురు గుంట ఏటి పాపం సేసింది?”

అనుచరుడు గొంతు సవరించుకుని, ఫైలు పైన ఆగిపోయిందనీ, ఆఫీసర్లు మారిపోయారనీ ఏదో చెప్పబోయాడు. డాక్టర్ బాబు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఫైలు కాదమ్మా. ఇద్దరి దగ్గరా మంచివాణ్ణనిపించుకోవాలని చూసేను. ఎక్కడ కట్టాలో తేల్చకుండా నానబెట్టేను. తప్పు నాదే.”

అంతే అన్నారు. ఇంకేదో చెబుతారని అందరం చూశాం. చెప్పలేదు. తలొంచుకుని నిలబడ్డారు.

నాన్నమ్మ ఇంట్లోకి వెళ్లింది. తలుపు వేసేసుకుంటుందనుకున్నాను. పాత చీర ముక్కలో చుట్టిన పసిగుడ్డును తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

“అది సరే. ముందీ గుంటని సూడండి బాబూ. పాలు పీల్చడం నేదు.”

ఆయన చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడ స్టెతస్కోపు లేదు, పార్టీ కండువా ఉంది. దాన్ని తీసి పక్కన పడేసి, బిడ్డ గుండెకు తన చెవి ఆనించారు. అలా వింటూనే ఏడ్చేశారు. పెద్ద మగాడు అంత మందిలో వెక్కివెక్కి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని దూది అడిగారు. మేకపాలు కాచి, నీళ్లు కలిపి, దూది వత్తితో ఒక్కో చుక్కా బిడ్డ నోట్లో పిండారు. బిడ్డ గుటక వేసేదాకా మా వాకిట్లోనే కూర్చున్నారు. ఆ పిల్ల బతికింది. తాతయ్య మాత్రం ఆయన వెళ్లేదాకా గోడవైపు నుంచి తిరగలేదు.

ఆ తర్వాత వంతెన మా రేవులోనే అని ఆయన తేల్చేశారు. ఆ పెద్దమనిషికి కోపం వచ్చింది. మరుసటి ఎన్నికల్లో పార్టీ ఆయనకు టికెట్టు ఇవ్వలేదు. వంతెన పూర్తయ్యేసరికి వేరే ఎమ్మెల్యే వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఈయనను పిలిచినవాళ్లు లేరు. చోడవరంలో వైద్యశాల మళ్లీ తెరిచారు గానీ, పాత జనం పాతలా రాలేదు. ఉద్యోగం వేయించలేదని కొందరికి కోపం, పార్టీ వేరని కొందరికి అనుమానం. జ్వరం వచ్చినా జనం ఆయన గుమ్మం ముందునుంచే పోయి అనకాపల్లి బస్సు ఎక్కేవారు. ఖాళీ బల్లల మధ్య ఆయన పేపరు చదువుకుంటూ కూర్చోవడం, బజారుకు వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని.

కొన్నేళ్లకు తాతయ్య మంచాన పడ్డాడు. నాన్నమ్మ డాక్టర్ బాబుకే కబురు పెట్టింది. వంతెన మీదుగా సైకిలు నడిపించుకుంటూ వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. తాతయ్య చెయ్యి ఇచ్చాడు. మొహం మాత్రం ఇవ్వలేదు, గోడవైపే ఉంచుకున్నాడు. “అన్నా” అని ఆయన ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఆ ఉదయమంతా ఆయన ఆ మణికట్టు వదలలేదు. నాడి ఆగిపోయాక కూడా చాలాసేపు వదలలేదు. నాన్నమ్మే మెల్లగా ఆయన వేళ్లు విడదీసింది.

ఇప్పుడు ఆ వంతెన మీద షేర్ ఆటోలు తిరుగుతున్నాయి. ఎవరు కట్టించారో ఎక్కేవాళ్లకు తెలియదు. నాన్నమ్మ చేసింది గొప్ప అంటే తాతయ్య చేసింది తప్పవుతుందా? కూతురిని గెడ్డ ఒడ్డున పోగొట్టుకున్నవాడిని మొహం ఇటు తిప్పమని ఎవరు అడగగలరు? ఇంత వయసొచ్చినా నాకు తేలలేదు. ఆ రోజు నుంచి నాతో మిగిలింది ఒక్కటే. నేను పంతులమ్మగా చేశాను, సంసారం చేశాను, ఎన్నోసార్లు తప్పు నాదే అనవలసి వచ్చింది. అన్న ప్రతిసారీ నాలుక చివరికి ఒక ‘కానీ’ వచ్చి నిలబడుతుంది. అప్పుడు మా వాకిట్లో బురద కాళ్లతో తలొంచుకుని, ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయిన మనిషి కళ్ల ముందుకు వస్తాడు. నేనూ అక్కడే ఆగుతాను.