జాబితాలో మిగిలిన పేరు

దేవరకొండ దగ్గర ఒక క్రైస్తవ వృద్ధాశ్రమంలో నేను వార్డెన్‌గా పనిచేశాను. అక్కడే వంట చూసే నా భార్య సునంద కిడ్నీ జబ్బుతో చనిపోయింది. తర్వాత రెండు నెలలకు నేను రిటైరయ్యాను. నా స్థానంలో ఎస్తేరు అనే అమ్మాయి వచ్చింది. నా భార్య పోయిందని ఆమెకు తెలుసు, పేరు తెలియదు.

ఉదయం ప్రార్థనలో జబ్బుపడినవారి పేర్లు చదివి స్వస్థత కోరడం అక్కడి పద్ధతి. చనిపోయినవారి కోసం ప్రార్థించరు. ఆ పేరు కొట్టేస్తారు. ఆ జాబితాను ఎస్తేరుకు అప్పగించాను.

మొదటి రోజే, నేనూ ప్రార్థనలో కూర్చుని ఉండగా, ఆమె "సునందమ్మను మంచం మీది నుంచి లేపు ప్రభువా" అని ప్రార్థించింది. అలవాటుకొద్దీ కొందరు ఆమేన్ అన్నారు. ఆ వెంటనే అందరూ నావైపు చూశారు.

ఆశ్రమంలో ఉండే రాహేలవ్వ ఊరుకోలేదు. "గామె పోయి రెండు నెలలాయె. గా సంగతి తెల్వకుంటనే వార్డెన్‌వైనవా? జర సారు మొకమన్న జూడు!"

ఎస్తేరు చేతిలోని జాబితా చూపించింది. "మాఫ్ చెయ్యున్రి సార్. లిస్టుల ఉన్నదే చదివిన."

నేను మాట్లాడకపోతే తప్పు ఆమెదే అవుతుంది. లేచి నిలబడ్డాను.

"పిల్ల తప్పేం లేదవ్వా. గా పేరు కాడికి రాంగనే రోజూ దాటేసి చదివిన. కొట్టెయ్య చేతగాలే."

"గిప్పుడన్న కొట్టెయ్ నాయినా," అంది అవ్వ.

ఎస్తేరు పెన్ను ఇచ్చింది. కొట్టేశాను. ఆమె తర్వాతి పేరు చదివింది.

నా దుఃఖం నా ఒక్కడిదే అనుకుని దాచుకున్నాను. దానికి ఒక కొత్త పిల్ల అందరి ముందు మాట పడింది. అది నేను మరిచిపోలేదు.