బావ రాసుకున్న వాసనలు

రాజాంలో పట్టపగలు తలుపేసుకుని వైన్ తాగిన ఆడది నేనొక్కతినే అయి ఉంటాను. తాగడమంటే ఒప్పుకోను, రుచి చూడడం. ఆ తేడా మా ఆడపడుచుకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. బావ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ మధ్యాహ్నం మూడయ్యేసరికి లోపలి గదిలో ఎవరో సీసా బిరడా లాగినట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది. లేచి వెళ్లి చూస్తాను. ఎవరూ ఉండరు. భయం వేయదు గానీ, చాలాసేపు ఆ గది వదిలి రాలేను.

బావంటే నా మేనత్త కొడుకు, నా మొగుడు. విదేశీ యాత్రికులు తిరిగే పెద్ద ఓడలో, భోజనాల హాల్లో వైన్ పోసే ఉద్యోగం. ఇటలీ ఎర్ర వైన్లంటే ప్రాణం పెట్టేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా రెండు సీసాలు లుంగీల్లో చుట్టి తెచ్చేవాడు. గ్లాసు కాడ పట్టుకోవాలట, తెల్ల పంచె మీదికి వంచి రంగు చూడాలట. అంచు ఇటుక రంగులోకి తిరిగితే దానికి వయసు వచ్చినట్టు. గ్లాసు తిప్పి, ముందు ముక్కు పెట్టాలి, నోటి సంగతి తర్వాత. మొదట్లో నాకిదంతా వేషాల్లా అనిపించి నవ్వేదాన్ని.

కరోనా వచ్చిన ఏడాది బావకీ జ్వరం వచ్చి తగ్గింది. ఒకరోజు నేను ఎండునెత్తళ్లు వేపుతుంటే వెనక నిలబడి, "ఏటొండుతున్నావే?" అన్నాడు. వీధి చివరిదాకా తెలిసే వాసన అది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నెలలు గడిచినా బావకి వాసన తిరిగి రాలేదు. ఈలోగా ఓడ నుంచి పిలుపొచ్చింది.

"ఆళ్లకి సెప్పీ బావా," అన్నాను.

"సెప్తే ఇంటికి పంపేస్తారే. నాకు ఇంకే పనొచ్చు? నీ ముక్కు ఉన్నాది కదా."

అలా మొదలైంది. ఓడలో పోసే వైన్లే ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవాడు. నేను వాసన చూసేదాన్ని, బావ పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. బరోలో అనే దాన్ని పోసి, "ఏటొస్తంది సెప్పు," అన్నాడు.

"తారు వాసనొస్తంది. మన రోడ్డుకి పోస్తన్నారే, అదే. దాని ఎనకాల ఎండిపోయిన గులాబీ."

బావ కుర్చీలోంచి లేచిపోయాడు. పెద్దపెద్దవాళ్లు కూడా ఆ వైన్ గురించి అదే మాట అంటారట. తాగితే పచ్చి జామకాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేశాయి. అదీ రాసుకున్నాడు. నా ముక్కు సముద్రాల మీద తిరగబోతోందని తెగ మురిసిపోయాను.

ప్రయాణానికి వారం ముందు కియాంతి అనే సీసా తీశాడు. అందులో కలేక్కాయ పులుపు ఎక్కడో దూరంగా ఉంది. దానికంటే ముందు ఇంకో వాసన తగిలింది. మా నాన్నది ధాన్యం వ్యాపారం. వానాకాలం వాకిట్లో తడిసిన గోనెసంచుల మీద దొర్లి పెరిగినదాన్ని నేను. అచ్చం ఆ వాసనే. నాన్న పక్కనే నిలబడ్డట్టయి కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"అన్నిట్లోకీ ఇదే మంచిది బావా. తడిసిన గోని వాసన. మా ఇంటి వాసన."

బావ అలాగే రాసి కింద గీత గీశాడు.

మూడు నెలలకే తిరిగొచ్చాడు. కాంట్రాక్టు అయిపోనాదన్నాడు. మళ్లీ ఆ కియాంతే తెచ్చి పోశాడు. వాసన చూసి, "కలేక్కాయ బాగా తెలుస్తంది గానీ గోని వాసన లేదు. ఇది ఆ సీసాయంత మంచిది కాదు," అన్నాను.

బావ నోటుబుక్కు వెనక్కి తిప్పి, గీత గీసిన మాట చూసుకున్నాడు. "లేదా? పోన్లే," అని రాసుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ ఓడెక్కలేదు.

రెండేళ్లకి గుండెనొప్పితో పోయాడు. పెద్దకర్మ అయ్యాక, ఓడలో బావతో కలిసి పనిచేసిన కుర్రాడు కొత్తవలస నుంచి పలకరించడానికి వచ్చాడు. మాటల మధ్యలో, "అన్న మీకు సెప్పనేదా వదినా?" అన్నాడు.

పైఅధికారి ముందు పరీక్ష పెట్టారట. కియాంతి పోస్తే బావ కళ్లు మూసుకుని, తడిసిన గోనెసంచి వాసన, చాలా మేలైనది అన్నాడట. బిరడా చెడితే వైన్‌కి పట్టే వాసన అది. అలాంటి సీసా పారబోయాలి. ఇంట్లో మేం తీసింది చెడిపోయిన సీసా. ఓడలో పోసింది మంచిది. అనుమానం వచ్చి రెండు గ్లాసులు ముందు పెట్టి ఏది పాడైందో చెప్పమన్నారట. బావ చెప్పలేకపోయాడు. తర్వాతి రేవులో దింపేశారు.

"ఈ గోని మాట నీకెవరు సెప్పినారని అడిగినారు వదినా. ఎవరూ సెప్పనేదు, నా ముక్కే పాడయిపోనాదన్నాడు."

కుర్రాడు వెళ్లాక నోటుబుక్కు తీశాను. రెండో కియాంతి దగ్గర నేనన్న మాటలన్నీ పొల్లు పోకుండా ఉన్నాయి. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి, ఎదురు తిట్టి, ఎలాగో తేల్చుకునేదాన్ని. కానీ తెలిసి కూడా బావ నన్ను అడగడం మానలేదు. వాన వాసన అడిగేవాడు, ఉతికిన దుప్పటి వాసన అడిగేవాడు, ఏది చెబితే అది నమ్మేవాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, ముద్ద కలపకుండా, వాసన ఎలా ఉందో చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. ఆ రోజు పప్పు అడుగంటింది. మళ్లీ వండే ఓపిక లేక, "బాగానే ఉన్నాది, తిను," అని కసిరాను. మారు వడ్డించుకుని తిన్నాడు.